వెనక గోడ తూములు

ఒక నిజం ముందే చెప్పేస్తాను. రేకులు వాళ్ళు బాగానే వేశారు. ఆ ఎండాకాలం తర్వాత ఇప్పటిదాకా మా ఇంటి కప్పు నుంచి ఒక్క చుక్క కారలేదు. ముందు మెట్లకి పట్టుకోడానికి పెట్టిన ఇనుప కమ్మీ కూడా గట్టిదే, నేను రెండు చేతులతో వేలాడి మరీ చూశాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను అనబోయే మాటలు విని, "ఊరికే ఇల్లు బాగుచేసి పెట్టినవాళ్ళని ఆడిపోసుకుంటోంది, బొత్తిగా విశ్వాసం లేని మనిషి" అని మీరు అనుకోకూడదని. అనుకున్నా నాకు పోయేదేం లేదు. మా వీధిలో సగంమంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారు.

మా ఇల్లు నాన్న కట్టాడు. కట్టించాడని కాదు, కట్టాడు. నలభై ఏళ్ళు తాపీ పట్టిన మేస్త్రి. వారమంతా ఊరివాళ్ళ ఇళ్ళు కట్టి, సెలవురోజున తన ఇంటికి వరసకి వరస రాయి పేర్చుకున్నాడు. ఆయనకి దొరికిన జాగా గట్టు కింద. వెనక గోడని ఆనుకుని మనిషెత్తు మట్టిగట్టు, దాని మీద పై వీధి. వానలు పడితే పై వీధి నీళ్ళన్నీ ఆ గట్టులోకే ఇంకుతాయి. అందుకని నాన్న వెనక గోడని రెండడుగుల మందాన రాతితో కట్టి, అడుగున గుప్పెడు వెడల్పున మూడు తూములు వదిలాడు. గట్టులో చేరిన నీళ్ళు ఆ తూముల్లోంచి వెనక గదిలోకి వచ్చి, గోడ వెంట తీసిన జానెడు కాలవలో పారి, పక్కగోడ కింద నుంచి వీధి కాలవలో కలుస్తాయి.

అంటే, మనుషులు పడుకునే గదిలో వానాకాలమంతా కాలవ పారుతుందన్నమాట.

నాకు పదేళ్ళప్పుడు నా క్లాసు పిల్ల ఒకతి మా ఇంటికొచ్చి, ఆ గదిలోకి తొంగిచూసి, "మీ ఇంట్లో మురుక్కాలవ ఉందేమిటే?" అంది. మర్నాటికి క్లాసంతా పాకింది. నాకిప్పుడు నలభై రెండు. ఆ పిల్ల మొహం కూడా గుర్తులేదు గాని ఆ మాట మాత్రం నిన్ననే విన్నట్టుంటుంది.

ఆ ఎండాకాలానికి రెండేళ్ళ ముందు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కాలు సగం తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతాడు. మాట మాత్రం ముద్దముద్దగా, నోట్లో దూది కుక్కుకున్నట్టు ఉండిపోయింది. ఎదుటివాళ్ళకి అది మూలుగులాగే వినిపిస్తుంది. మాతోనే ఉండి వెనక గదిలో పడుకునే మా మేనత్తకి, అంటే నాన్న చెల్లెలికి, సగం అర్థమవుతుంది. నాకు మొత్తం అర్థమవుతుంది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నేనే నాన్నకి నోరు. ఆయన మాట్లాడి నా వైపు చూస్తాడు, నేను ఎదుటివాళ్ళకి చెబుతాను. మేస్త్రి నోరు కదా, పది మాటల్లో ఆరు తిట్లే. ఆ ఆరూ నేను మింగేసి, మిగిలిన నాలుగింటికీ "అండీ" తగిలించి చెప్పేదాన్ని. చివరికి మింగడమే నాకు అలవాటైపోయింది.

సొంత ఇల్లుండి బాగుచేసుకునే స్తోమత లేనివాళ్ళకి సెలవురోజుల్లో వచ్చి ఇళ్ళు బాగుచేసే సంఘం ఒకటుందని లాండ్రీలో ఎవరో చెబితే నేనే వెళ్ళి ఫారం తెచ్చాను. "ఇంట్లో ఉన్న సమస్యలు" అన్నచోట రేకులు కారుతున్నాయని రాశాను. మెట్లకి పట్టు లేదని రాశాను. మూడోది రాసేముందు నాన్న నిద్రపోతున్నాడా అని చూసుకుని, "వెనక గదిలోకి నీళ్ళు వస్తాయి" అని రాశాను.

ఇల్లు చూడ్డానికి ఒకావిడ ఫైలు పట్టుకుని వచ్చింది. మంచి మనిషే, మెత్తగా మాట్లాడుతుంది. గదులన్నీ తిరిగి, ముందు గదిలో కూర్చుని, "మా పద్ధతి ఏంటంటే అమ్మా, ఇంటివాళ్ళు కూడా మాతోపాటు పనిలో చెయ్యి వెయ్యాలి. మీరేం చేస్తారు?" అని అడిగింది.

"ఏం చెప్తే అది చేస్తానండీ. ఇసుక మోస్తాను, సున్నం గీకుతాను."

"నేను మంచినీళ్ళిస్తాను," అంది అత్త. "తిడతాను కూడా. అది ఊరికే."

ఫైలావిడ నవ్వుతూ రాసుకుంది. "మరి తాతగారు?" అంది. నాన్న ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆవిడ అడిగింది నన్ను.

నాన్న అన్నది నేను చెప్పాను. "చెయ్యి పనికిరాదు గాని కళ్ళు పనిచేస్తున్నాయి, పక్కన కూర్చుని ఏది ఎలా చెయ్యాలో చెప్తానంటున్నాడండీ. ఈ ఇల్లు ఆయనే కట్టాడు."

"అబ్బే, ఈ వయసులో ఆయన్ని ఎందుకమ్మా కష్టపెట్టడం! హాయిగా కూర్చోనివ్వండి," అని ఆవిడ నాన్న పేరు పక్కన "వీలుపడదు" అని రాసింది. ఇల్లు ఎవరు కట్టారో రాసుకునే గడి ఆ ఫారంలో లేదు. నాన్న చదువు కొద్దిపాటిదే అయినా, ఆ ఒక్క మాట తలకిందులుగా కూడా చదువుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్నే పదిహేను మంది దిగారు. అందరికీ ఒకే రకం నీలం చొక్కాలు, మడతలు కూడా విప్పనివి. ఆఫీసుల్లో కూర్చుని పనిచేసేవాళ్ళు. చేతులు మెత్తన, ఉత్సాహం మెండు. వాళ్ళకి పెద్ద ఒక కుర్రాడు, పసుపు టోపీ పెట్టుకుని ఉండేవాడు. ఏదో పెద్ద కంపెనీలో ఇంజినీరు. మేము అతన్ని పసుపు టోపీ అనే పిలుచుకునేవాళ్ళం. అతను మాత్రం నన్ను నోరారా "అక్కా, అక్కా" అనేవాడు.

రేకులు అతనే దగ్గరుండి వేయించాడు. చెప్పాను కదా, బాగానే వేశారు. మిగిలినవాళ్ళు ముందు గోడకి రంగులు వేశారు. గంటకోసారి అందరూ కుంచెలు పైకెత్తి నిలబడితే ఎవరో ఒకరు ఫొటో తీసేవారు. అత్తని మధ్యలో నిలబెట్టుకునేవారు.

"నా పెళ్ళినాడు కూడా ఇన్ని ఫొటోలు తియ్యలేదే కోడలా," అంది అత్త. "వీళ్ళు గోడకి రంగు వేస్తున్నారో, నాకు వేస్తున్నారో తెలీట్లేదు."

నాన్న మాత్రం స్టూలు ఎక్కడ వేసుకుంటే అక్కడ వాళ్ళకి అడ్డమే. "తాతగారూ, కొంచెం అటు. తాతగారూ, దుమ్ము పడుతుంది, లోపలికి వెళ్ళండి." మెట్ల దగ్గర ఒకమ్మాయి సిమెంటులో నీళ్ళు మరీ ఎక్కువ పోస్తుంటే నాన్న కర్ర ఎత్తి అరిచాడు. ఆ అమ్మాయి బెదిరిపోయింది. నేను పరుగెత్తుకెళ్ళి, "ఏం లేదు తల్లీ, ఎండలో ఉన్నావు, నీళ్ళు తాగమంటున్నాడు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి నీళ్ళు తాగింది. ఆ మెట్టు మూడు వారాలకి పెచ్చులు ఊడింది.

మెట్టే కదా, పోనిమ్మనుకున్నాను. అబద్ధం అక్కడ మొదలైందని నాకప్పుడు తట్టలేదు.

మూడో ఆదివారం వెనక గది పట్టారు. అత్త మంచం, పెట్టె బయట పెట్టారు. గది ఖాళీ అయ్యాక చూస్తే తూముల చుట్టూ నాచు నల్లగా కట్టి, కాలవ నిండా ఎండిన మట్టి, నాకే అసహ్యమేసింది. పసుపు టోపీ గొంతుక్కూర్చుని ఒక తూములోకి టార్చి వేసి చూశాడు.

"అక్కా, వీటిలోంచేనా నీళ్ళొచ్చేది?"

"అవునండీ."

"మరి ఇన్నేళ్ళూ ముయ్యలేదేం? రోజంతా పని కూడా కాదు. కాంక్రీటు దట్టించేసి, కాలవ పూడ్చి, పైన టైల్సు వేసేస్తే చుక్క రాదు. గోడకి నీళ్ళు పట్టని రంగు వేసేద్దాం."

గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న నాన్న అన్నాడు: "ముయ్యొద్దని చెప్పు. అది గట్టు నీళ్ళకి దారి. దారి మూస్తే నీళ్ళు గోడని తోస్తాయి."

పసుపు టోపీ నా వైపు చూశాడు. "ఏమంటున్నారు?"

ఒకమ్మాయి అప్పుడే టైల్సు పెట్టె విప్పింది. తెల్లటివి. అంచున సన్నటి బూడిదరంగు గీత. నేను వాటినే చూస్తున్నాను.

"చెప్పవే," అన్నాడు నాన్న. "గోడ పడితే మీ అత్త మంచం మీదే పడుతుందని చెప్పు."

నేను టైల్సు మీద నుంచి కళ్ళు తియ్యలేదు. మూడోసారి నాన్న కర్రతో గుమ్మాన్ని కొట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. మూతి పక్క నుంచి చొంగ కారింది. పనిచేస్తున్న వాళ్ళందరూ ఆగిపోయారు. ఫొటో తీస్తున్న అతను కూడా ఫోను దించేశాడు. అందరి మొహాల్లోనూ జాలి. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

"ఏం లేదండీ," అన్నాను. "చాలా సంతోషంగా ఉందట. మీ అందరికీ థాంక్స్ చెప్పమంటున్నాడు."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. పసుపు టోపీ దగ్గరికొచ్చి, నాన్న పడిపోయిన చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, "మీ ఆశీర్వాదం చాలు తాతగారూ" అన్నాడు. నాన్న అతని వైపు చూడలేదు. కట్టిన గోడలో ఎక్కడ వంకర వచ్చిందో వెతుకుతున్నట్టు నా మొహంలోకి చూశాడు. తర్వాత చొంగ తుడుచుకుని, కర్ర మీద బరువు వేసి లేచి, ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా మూడు తూములూ మూసేశారు.

*

ఆ రోజు నుంచి నాన్న మాట్లాడలేదు. నాతోనే కాదు, ఎవరితోనూ. టీ కావాలంటే గ్లాసు మీద వేలితో కొట్టేవాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే అడిగినదానికి తల ఊపాడు తప్ప పెదవి కదపలేదు. డాక్టరు "ఏమ్మా, మాట తగ్గిందా?" అని అడిగితే, "అవునండీ, ఈమధ్య కొంచెం తగ్గింది" అన్నాను. నేనెంత అబద్ధాలకోరుగా తయారయ్యానో చూడండి.

"మీ నాన్నకేమైందే?" అంది అత్త.

"ఏమో అత్తా. అలిగాడు."

"అలిగితే తిడతాడు గాని నోరు కట్టేసుకోడు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను." ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆ మధ్యాహ్నం మంచంతో పాటు ఆవిడా బయటే ఉంది, ఏం జరిగిందో చూడలేదు.

నాలుగో ఆదివారం పూర్తయిన సందర్భం అని ముందు గోడకి ఒక పలక బిగించారు. ఫలానా సంఘం వారి సౌజన్యంతో ఈ గృహం పునరుద్ధరించబడింది అని బంగారు రంగు అక్షరాలు. ఆ పలక కోసం డ్రిల్లు పెట్టి నాన్న రాయికి నాలుగు బెజ్జాలు కొట్టారు. తొమ్మిదేళ్ళ సెలవురోజులన్నీ ధారపోసి కట్టినవాడి పేరు ఆ ఇంటి మీద ఎక్కడా లేదు. నాలుగు ఆదివారాలు వచ్చినవాళ్ళ పేరు మాత్రం వీధిలో పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. కోపం నాకు అప్పుడే రావాల్సింది. రాలేదు. నేను ఆ పలకని గుడ్డ పెట్టి తుడిచాను కూడా.

వానలు మొదలయ్యాయి. మొదటివారం వెనక గదిలోకి చుక్క రాలేదు. నేను చెప్పులు విప్పేసి ఆ తెల్ల టైల్సు మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచాను. పొడి నేల. ఇన్నేళ్ళకి మా ఇల్లు కూడా నలుగురి ఇళ్ళలా ఉందని సంబరపడ్డాను.

రెండోవారం ఒకరోజు పని నుంచి వచ్చేసరికి నాన్న వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కప్పు కింది ఇనుప దూలం నుంచి దారం వేలాడుతోంది, చివర ఆయన పాత ఇత్తడి గుండు. గోడ నిలువుగా ఉందో లేదో మేస్త్రీలు చూసుకునే గుండు అది. కళ్ళు ఆర్పకుండా దాన్నే చూస్తున్నాడు.

"పొద్దున్నుంచీ ఇదే వరస," అంది అత్త. "ఆ దారం కట్టడానికి నన్ను స్టూలెక్కించాడు, ఈ వయసులో! నా మంచం తలుపు దాకా జరిపించాడు. ఏంటన్నయ్యా ఇది అంటే పలకడు."

నేను దగ్గరికెళ్ళి చూశాను. పైన దారానికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళు పడుతున్నాయి. కిందా అంతే. నడుమెత్తులో రెండు వేళ్ళే పట్టాయి. గోడ నడుము దగ్గర లోపలికి ఉబ్బింది. నాన్న కట్టిన గోడ వెంట్రుకవాసి కూడా వాలదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.

ఎడంచేత్తో నాన్న గోడ మీద పెన్సిలు గీత గీసి ఉంచాడు. మర్నాటికి ఆ గీత దగ్గర వేలున్నర. ఆ మర్నాటికి వేలు. కొత్త రంగు బొబ్బలెక్కింది, టైల్సు తొక్కితే బోలుగా చప్పుడయ్యాయి. నేను లాండ్రీ వరండాలో నిలబడి ఫైలావిడకి ఫోను చేశాను.

"కొత్త పెయింటు కదమ్మా, వానల్లో సన్నటి బీటలు మామూలే," అంది మెత్తగా. "ఫిర్యాదు రాసుకున్నాను. వానలు తగ్గాక మా ఇంజినీరు వచ్చి చూస్తాడు."

"వానలు తగ్గేదాకా గోడ ఆగాలి కదండీ. మా నాన్న గుండు కట్టి చూశాడు, గోడ ముందుకొస్తోంది."

"తాతగారా?" అని చిన్నగా నవ్వింది. "పెద్దవాళ్ళకి ఖాళీగా ఉంటే ఏవో భయాలు వస్తాయమ్మా. మీరు మాత్రం ఏదీ కదిలించకండి. మీరు చెయ్యి పెడితే మళ్ళీ మాకు సంబంధం ఉండదు. ఈ ఆదివారం విరాళాలిచ్చిన పెద్దమనుషులు మీ ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. కాస్త శుభ్రంగా ఉంచండేం."

ఫోను పెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ నవ్విన నవ్వుకి మండింది, "చెయ్యి పెడితే" అన్న మాటకి మండింది. నా ఇంటి గోడ మీద నేను చెయ్యి పెట్టడానికి ఈవిడ ఎవరు? అరగంట సేపు దుప్పట్ల మీద కసి తీర్చుకుంటూ ఇస్త్రీ చేశాను, రెండు మాడ్చాను. అయితే "తూములు మూసినందుకే ఇలా అయింది" అని మాత్రం ఆవిడతో అనలేదు. అంటే, మీరే కదా మూయించుకున్నారు అంటుందని.

*

శనివారం నాకు సెలవు. రెండురోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, గిన్నెలు కడుగుతుంటే వెనక గదిలో కర్ర చప్పుడు వినిపించింది. వెళ్ళేసరికి నాన్న దారాన్ని చూపించాడు. దారం గోడకి ఆనుకుని ఉంది. నడుమ సందు లేదు. చూస్తుండగానే పై నుంచి చిటుక్కుమని రంగు పెచ్చు ఒకటి రాలింది.

"మీ అత్తని బయటికి పంపు," అన్నాడు నాన్న. "గడ్డపార తే. ఉలీ సుత్తీ తే."

ఐదు వారాల తర్వాత ఆ గొంతు విన్నాను. "నాన్నా" అన్నాను.

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు తే."

అత్త బయటికి వెళ్ళనంది. "మీరిద్దరూ గోడ కింద ఉంటే నేను వాన కిందా? నేను ఎక్కడికీ పోను," అని గుమ్మం అవతల పీట వేసుకుని కూర్చుంది.

కొత్త టైల్సు కింద, కొత్త రంగు కింద తూములు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. నాన్నకి మాత్రం తెలుసు. "మూల నుంచి మూడు మూరలు. నేల నుంచి జానెడు." నేను మోచెయ్యి నేల మీద ఆన్చి కొలవబోయాను.

"నీ మూర కాదు," అన్నాడు. "నా మూర."

స్టూలు మీద నుంచి దిగడానికి చెయ్యి అందించాను. పట్టుకోలేదు. కర్ర వదిలేసి, ఎడంపక్కకి జారి, నేల మీద పడుకున్నాడు. ఎడం మోచెయ్యి మూలకి ఆనించి, వేళ్ళు చాచి, వేలికొస దగ్గర నన్ను సుద్దతో గీత గీయమన్నాడు. పాక్కుంటూ ముందుకి జరిగి రెండో మూర. మళ్ళీ జరిగి మూడో మూర. ఇంటిని కట్టినప్పుడు కొలిచిన చెయ్యి కుడిది, అది పక్కనే ఈడ్చుకుంటూ వచ్చింది. అలా నేల మీద పాకే నాన్నని చూస్తుంటే, "వీలుపడదు" అని రాసిన ఆ కలాన్ని విరిచెయ్యాలనిపించింది. ఆ తర్వాత నా నాలుకని కూడా.

గీత దగ్గర ఉలి పెట్టి కొట్టాను. తెల్ల టైలు మొదటి దెబ్బకే నాలుగు ముక్కలైంది. నాకేం బాధ కలగలేదు. లోపల కాంక్రీటు గట్టిగా దట్టించారు పాపం, మనసుపెట్టి చేశారు. ఒక గంట కొట్టాను. అరచేతులు పొక్కి పగిలాయి. నాన్న పక్కనే పడుకుని, "పక్కకి. ఇంకా పక్కకి. రాయి మీద కొట్టకు, సిమెంటు మాలు మీద కొట్టు" అని చెబుతున్నాడు. చివరికి గడ్డపార పెట్టి ఒక్క పోటు పొడిస్తే ముక్క లోపలికి జారింది. ఎర్రటి బురదనీళ్ళు మోటారు గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చి నా రొమ్మున తగిలి వెల్లకిలా పడేశాయి.

"ఆగకు," అన్నాడు నాన్న. "రెండోది."

రెండోది తెరిచేసరికి గదంతా మడమలోతు నీళ్ళు. పక్కగోడ కింద దారి కూడా పొడిచి తెరిస్తే వీధిలోకి లాగడం మొదలైంది. ఉలి మొన విరిగింది, నా చేతులు ఇక లేవలేదు. అత్త పీట మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "ఎన్నాళ్ళకి మన కాలవ మనింటికొచ్చింది!" అంది. ఎవరూ నవ్వలేదు. నాన్న తడిసిన బట్టలతో గుండు దగ్గరికి పాకి, దారాన్నే చూస్తూ కూర్చున్నాడు. గోడ వెనక్కి పోలేదు. ముందుకీ రాలేదు.

*

ఆదివారం పదకొండింటికి వాళ్ళు గొడుగులేసుకుని వచ్చారు. ఫైలావిడ, పసుపు టోపీ, విరాళాలిచ్చిన పెద్దమనుషులు నలుగురు, ఫొటోలతను. ముందు గోడ చూసి బాగుందన్నారు. పలక చదివారు. వెనక గది గుమ్మంలోకి వచ్చి ఆగిపోయారు. పగిలిన టైల్సు, గోడకి రెండు బొక్కలు, వాటిలోంచి ధారగా ఎర్రనీళ్ళు.

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇది!" అంది ఫైలావిడ.

"ఎవరు పగలగొట్టారక్కా?" అన్నాడు పసుపు టోపీ. అతని మొహం నిజంగానే చిన్నబోయింది.

"నేనే."

పెద్దమనుషుల్లో ఒకాయన పక్కవాడితో అన్నాడు, గొంతు తగ్గించాననుకుని: "ఎంత చేసినా అంతేనండీ వీళ్ళు. నిలబెట్టుకోవడం చేతకాదు."

నా నెత్తురు మాడుకెక్కింది. నేను నోరు తెరిచేలోపల నాన్న మాట్లాడాడు. స్టూలు మీద నిటారుగా కూర్చుని, గుండు దారం పక్కనే. అందరూ నా వైపు తిరిగారు.

"ఈ గోడకి బెజ్జాలు మూసిన గాడిద ఎవడో ముందుకి రమ్మంటున్నాడు," అన్నాను.

ఫైలావిడ నోరు తెరిచింది. నాన్న మళ్ళీ మాట్లాడాడు, నేను మళ్ళీ చెప్పాను. ఒక్క అక్షరం మింగలేదు. "గట్టు నీళ్ళకి దారి లేకపోతే ఎటు పోతాయని, నీ నెత్తిన పోసుకుంటావా అని అడుగుతున్నాడు. పెద్ద చదువులు చదివినవాడికి గుండు కట్టి చూడ్డం ఎవడూ నేర్పలేదా అంటున్నాడు. కావలిస్తే ఇప్పుడు చూడమంటున్నాడు, దారం వేలాడుతూనే ఉంది. తనకి వీలుపడదని రాసిన ఆవిడని, ఆవిడ ఇంటి గోడలు ఎవరు కట్టారో ఆవిడకి తెలుసేమో అడగమంటున్నాడు. ఆ పెద్దమనిషికి, నిలబెట్టుకోవడం చేతకాదన్నాయనకి, ఈ గోడ ముప్పై ఐదు వానాకాలాలు నిలబడిందని, వాళ్ళ చెయ్యి పడ్డాక ఒక్క వానాకాలం కూడా ఆగలేకపోయిందని చెప్పమంటున్నాడు."

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రెండేళ్ళుగా మింగినవన్నీ ఒక్కసారి కక్కేస్తున్నట్టుంది. నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. పసుపు టోపీ దారం దగ్గరికి వచ్చి, వంగి, కిందా పైనా నడుమా వేళ్ళు పెట్టి చూశాడు. అతని మొహంలో రంగు పోయింది.

అప్పుడు నాన్న నా వైపు తిరిగి ఇంకో మాట అన్నాడు. ఇది మాత్రం నెమ్మదిగా.

నేను పగిలిన టైలు ముక్కని కాలితో పక్కకి నెట్టాను.

"ఏమంటున్నారు?" అంది ఫైలావిడ.

నాన్న నన్నే చూస్తున్నాడు. గుమ్మం పక్క నుంచి అత్త, "చెప్పవే కోడలా, ఇంతసేపూ బాగానే చెప్పావుగా" అంది.

"తూములు ముయ్యొద్దని ఆయన ఆ రోజే మీకు చెప్పాడు," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, మళ్ళీ చెప్పాల్సొచ్చింది. "మూడుసార్లు చెప్పాడు. మీకు థాంక్స్ చెబుతున్నాడని నేను అబద్ధం చెప్పాను. అది కూడా మీకు చెప్పమంటున్నాడు."

ఫైలావిడ ఫైలుని గుండెకి అదుముకుంది. అత్త నన్ను చూసి, చూపు తిప్పేసుకుంది. ఆవిడ ఆ చూపు తిప్పుకోవడం ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది, పని మధ్యలో కూడా గుర్తొస్తుంది.

పసుపు టోపీ టోపీ తీసేసి, నాన్న ఎదురుగా ఆ బురదనీళ్ళలోనే గొంతుక్కూర్చున్నాడు. "తాతగారూ, మూడోది ఎక్కడుంది?"

నాన్న చెప్పాడు. అతనికి అర్థం కాలేదు. అలవాటు చొప్పున నా వైపు తిరిగాడు. నాన్న కర్రతో నేల మీద ఒక్క దెబ్బ కొట్టాడు, నీళ్ళు చింది అతని మొహాన పడ్డాయి. అతను మళ్ళీ నాన్న వైపు తిరిగాడు. నాన్న మళ్ళీ చెప్పాడు, ఒక్కో మాట విడదీసి, మూతి వంకర పోతున్నా, చొంగ కారుతున్నా. అతను కళ్ళు చిట్లించి ఆ పెదవులనే చూశాడు. అప్పటికీ అర్థం కాలేదు.

మూడోసారికి అర్థమైంది. లేచి తలుపు వెనక్కి వెళ్ళి, మూల నుంచి కొలవడం మొదలుపెట్టాడు.

నాకు మొదటిసారే అర్థమైంది. నోరు మూసుకుని నిలబడ్డాను.